తన తప్పు తానే వెతుక్కునే బీమా కంపెనీకి రక్షణ ఇవ్వండి, కానీ ఊరికే ఇవ్వకండి

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ అధ్యక్షులకు, సభ్యులకు,
హైదరాబాద్.

అయ్యా, అమ్మా,

నేను విజయవాడ, గుంటూరు వినియోగదారుల కమిషన్లలో పాలసీదారుల తరఫున వాదించే న్యాయవాదిని. బీమా కంపెనీల వకాల్తా ఎప్పుడూ తీసుకోలేదు. అలాంటివాణ్ని కంపెనీలకు పనికొచ్చే మాట ఒకటి మీకు రాస్తున్నానని తెలిస్తే మా బార్‌లో కొందరు నవ్వుతారు, కొందరు ముఖం మీదే తిడతారు. అయినా రాస్తున్నాను.

బీమా కంపెనీ ఎవరూ అడక్కుండా తనంతట తాను తన పనితీరును తనిఖీ చేసుకుని, చట్టానికీ మీ నిబంధనలకూ ఎక్కడ తేడా వచ్చిందో రాసుకుంటే, ఆ నివేదికకు చట్టబద్ధమైన గోప్యత ఉండాలి. మాలాంటి వాళ్లం దాన్ని సాక్ష్యంగా కోర్టుకు లాగలేని ఏర్పాటు ఉండాలి. అయితే ఆ తప్పు వల్ల నష్టపోయిన పాలసీదారుల డబ్బు వాళ్లకు తిరిగి చేరితేనే ఆ గోప్యత నిలవాలి. డబ్బు చేరకపోతే కాగితం బయటికి రావాలి.

ఎందుకింత దూరం వచ్చానో చెబుతాను. బండి దొంగతనం క్లెయిముల సంగతి మీకు తెలియంది కాదు. మా ఊళ్లో బండి పోతే మనిషి ముందు ఆ సందూ ఈ సందూ తిరిగి వెతుక్కుంటాడు. తర్వాత స్టేషనుకి వెళ్తాడు. కేసు నమోదై ఎఫ్‌ఐఆర్ నకలు చేతికి వచ్చేసరికి కొన్ని రోజులు గడిచిపోతాయి. అది పట్టుకుని బీమా ఆఫీసుకు పోతాడు. నెలా రెండు నెలలకు ఇంటికి ఉత్తరం వస్తుంది: దొంగతనం జరిగిన వెంటనే కంపెనీకి తెలియజేయలేదు, పాలసీలోని ఒకటో షరతు ఉల్లంఘించారు, కాబట్టి క్లెయిము తిరస్కరిస్తున్నాం.

ఇలా చేయొద్దని మీ సంస్థే 2011 సెప్టెంబరు 20న సర్క్యులర్ ఇచ్చింది. ఆలస్యం ఒక్కటే సాకుగా పెట్టుకుని నిజమైన క్లెయిములను గుడ్డిగా కొట్టేయొద్దని, ఆలస్యానికి తగిన కారణం ఉందేమో చూడమని అందులో స్పష్టంగానే ఉంది. అదే మాట 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అప్పటికీ గొడవ తెగక 2020 జనవరిలో గుర్షిందర్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూర్చుని, పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసిన మనిషి కంపెనీకి ఆలస్యంగా చెప్పినంత మాత్రాన క్లెయిము పోదని తేల్చింది. సర్క్యులర్‌కూ ఆ తీర్పుకూ మధ్య ఎనిమిదేళ్లు దాటాయి. ఈ ఎనిమిదేళ్లలో ఏ కంపెనీలోనూ ఒక్క అధికారికైనా తేడా కనపడలేదంటే నేను నమ్మను. ఒక డివిజనల్ ఆఫీసులో ఏడాదిపాటు తిరస్కరించిన దొంగతనం ఫైళ్లు తీసి, సర్క్యులర్ పక్కన పెట్టుకుని చూస్తే ఒక పూటలో తేలే విషయం అది.

రిటైరైన ఒక అధికారిని ఇదే అడిగాను. "మాకు తెలియకపోవడమేంటి లాయరుగారూ, పైకి చెప్పాం కూడా. ఫోన్లో చెప్పాం" అన్నారు. కాగితం మీద ఎందుకు పెట్టలేదంటే నవ్వి, "పెడితే మీరు ఊరుకుంటారా?" అన్నారు.

ఊరుకోం, నిజమే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద పత్రాలు తెప్పించే విషయంలో కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలే ఉన్నాయి. దాని కింద నేనే పిటిషన్లు వేస్తుంటాను: ఫలానా కారణంతో తిరస్కరించిన క్లెయిముల మీద మీ లోపల జరిగిన పరిశీలన ఏదైనా ఉంటే దాఖలు చేయండి అని. వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: అలాంటి పత్రమేదీ మా దగ్గర లేదు. మొదట్లో అబద్ధమాడుతున్నారనుకునేవాణ్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. నిజంగానే లేదు. పుట్టకుండా చూసుకున్నారు. పుట్టని కాగితం మీద మాకున్న హక్కును వదులుకోమంటే మాకు పోయేదేముంది?

ఇక విజయవాడను ముంచిన బుడమేరు వరద. 2024 సెప్టెంబరు 1 తెల్లవారేసరికి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీళ్లలో ఉన్నాయి. బండ్లు రోజుల తరబడి మునిగే ఉన్నాయి. ఆ తర్వాత క్లెయిములు త్వరగా తేల్చాలని ప్రభుత్వమూ మీరూ కంపెనీల వెంటపడ్డారు, చాలామందికి డబ్బు వచ్చింది కూడా. ఆ మాట దాచను. రానివాళ్లే నా దగ్గరికొచ్చారు. ఒకే కంపెనీ నుంచి వేర్వేరు వీధులవాళ్లకు వచ్చిన తిరస్కరణ ఉత్తరాలను బల్లమీద పక్కపక్కన పరిచి చదివాను. 'నీట మునిగిన ఇంజన్‌ను యజమాని స్టార్ట్ చేయడం వల్ల కలిగిన నష్టం' అన్న వాక్యం అన్నింట్లోనూ పొల్లు పోకుండా ఒకటే. క్లాజు నంబరు దగ్గర దొర్లిన అచ్చుతప్పు కూడా అన్నింట్లో ఒకటే. అందులో ఒకతని బండి తాళం వరద రాత్రే పోయింది. అతను కుటుంబంతో పడవెక్కి బయటపడ్డాడు, నీళ్లు తీశాక బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని ఆటోనగర్ తీసుకెళ్లాడు. నష్టాన్ని అంచనా వేయడానికి వచ్చిన సర్వేయరు తన రిపోర్టులో, ఇంజన్ స్టార్ట్ చేసిన ఆనవాళ్లు లేవని రాశాడు. ఉత్తరం మాత్రం స్టార్ట్ చేశావంటుంది. నష్టానికి కారణం రాసే గడిలో నీట మునక అని కనపడగానే ఆ వాక్యం దానంతటదే వచ్చి పడుతోందని నా అనుమానం.

అతని కేసు గెలుస్తాం, అందులో పెద్ద విశేషమేమీ లేదు. సర్వేయరు రిపోర్టు చాలు. నా దిగులు కమిషన్ దాకా రానివాళ్ల గురించి. ఇక్కడిదాకా వచ్చేది మొండిగా పట్టుకునేవాడు, లేదా బంధువుల్లో ఒక టీచరో లాయరో ఉన్నవాడు. మిగతావాళ్లు ఆ ఉత్తరాన్ని బీరువాలో పడేసి, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి బండి బాగుచేయించుకుని పనిలోకి పోతారు. నేను వంద కేసులు గెలిచినా వాళ్లకు ఒక్క రూపాయి రాదు. అదే ఉత్తరం ఇంకెంతమందికి వెళ్లిందో కంపెనీ కంప్యూటరుకు తప్ప ఎవరికీ తెలియదు. లోపలివాళ్లు కూర్చుని జాబితా తీస్తేనే ఆ పేర్లు బయటపడతాయి. వాళ్ల చేత ఆ జాబితా తీయించే దారి కోసమే ఈ ఉత్తరం.

ఆరోగ్య బీమాలోనూ ఇదే తంతు. గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రి బిల్లు కట్టుకుని, షుగరున్న సంగతి దాచావన్న ఉత్తరం పట్టుకొచ్చేవాళ్లకు లోటు లేదు. ఐదేళ్లు ఆగకుండా పాలసీ నడిచాక, రుజువైన మోసమైతే తప్ప క్లెయిమును ప్రశ్నించకూడదని 2024లో మీరే పెట్టారు. పాలసీ మొదలైన తేదీ, తిరస్కరించిన తేదీ, ఈ రెండు గడులు పోల్చుకుంటే చాలు, ఎన్ని ఉత్తరాలు తప్పో తెలిసిపోతుంది. ఎవరైనా పోల్చారా? పోల్చి ఉంటే ఆ ఫలితం ఎక్కడ?

మీరు అనొచ్చు, అంతర్గత ఆడిట్ తప్పనిసరి కదా, కంప్లయన్స్ అధికారి ఉన్నాడు కదా, క్లెయిము తిరస్కరించే ముందు కంపెనీలో సమీక్ష కమిటీ చూడాలని ఆరోగ్య బీమా మాస్టర్ సర్క్యులర్‌లో పెట్టాం కదా అని. ఉన్నాయి. అవి ఉండాలి, వాటికి ఏ గోప్యతా అక్కర్లేదు. అయితే చట్టం చేయమన్న ఆడిట్ చట్టం అడిగినంత మేరే చూస్తుంది. అడగనిచోట చూడాలంటే ధైర్యం కావాలి. చూసింది రాయాలంటే ఇంకా ధైర్యం కావాలి. ఆ రాసినవాడి పేరుతోనే రేపు కమిషన్‌లో అఫిడవిట్ వేయించే పరిస్థితి ఉన్నప్పుడు ఎవడు రాస్తాడు?

ఇంకో సంగతి. గోప్యత ఇప్పుడు అసలే లేదనుకోవడం అమాయకత్వం. డబ్బున్న కంపెనీలకు ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య నడిచిన మాటలను కాపాడుతుంది. పెద్ద కంపెనీ ఇలాంటి తనిఖీని ముంబైలోనో ఢిల్లీలోనో ఒక న్యాయవాద సంస్థకు అప్పజెప్పి, ఇది న్యాయ సలహా అంటే మేం దాన్ని ముట్టుకోవడం కష్టం. కంపెనీలో జీతం తీసుకునే లా ఆఫీసరుకు ఆ 132వ సెక్షన్ రక్షణ వర్తించదని 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో బయటి లాయరు దారే గట్టిపడుతుంది. ఆ దారిలో షరతుల్లేవు. తప్పు దిద్దుకోనక్కర్లేదు, డబ్బు తిరిగివ్వనక్కర్లేదు, మీకు చెప్పనక్కర్లేదు. నేను అడిగేది అంతకంటే కఠినమైన ఏర్పాటు.

ఇది కొత్త ఊహ కాదు. అమెరికాలో ఆసుపత్రి లోపలి సమీక్షల రికార్డును బయటపెట్టించేందుకు వాషింగ్టన్ డీసీలోని ఫెడరల్ కోర్టు 1970లోనే నిరాకరించింది. తర్వాత చాలా కోర్టులు ఆ బాట పట్టడానికి ఒప్పుకోలేదు. దాంతో విషయం చట్టసభలకు చేరింది. పర్యావరణ ఆడిట్లకు ఒరెగాన్ రాష్ట్రం 1993లో చట్టం చేసింది. బీమా కంపెనీల స్వీయ తనిఖీకి ఇల్లినాయ్‌తో సహా కొన్ని రాష్ట్రాలు విడిగా చట్టాలు చేసుకున్నాయి. ఇల్లినాయ్ చట్టం చదివితే నాకు నచ్చింది గోప్యత కంటే అందులోని మినహాయింపులు. తప్పు కనపడ్డాక వెంటనే దిద్దుబాటు మొదలుపెట్టకపోతే రక్షణ పోతుంది. మోసాన్ని కప్పిపుచ్చడానికి వాడుకుంటే పోతుంది. రక్షణ కోరే కంపెనీయే దానికి అర్హురాలినని చూపించుకోవాలి. అనుమానం ఉంటే న్యాయమూర్తి తన చాంబర్‌లో చదివి తేలుస్తారు. నియంత్రణ సంస్థకు చూపించినంత మాత్రాన అందరికీ చూపించినట్టు కాదు.

మన దగ్గరా దీనికి దగ్గరి ఏర్పాటు ఒకటి ఉంది. ప్రసూతి మరణాలను సమీక్షించేటప్పుడు ప్రభుత్వ వైద్యులు పాటించాల్సిన పద్ధతి, పేరు వద్దు, నింద వద్దు అనేదే. నింద భయం ఉంటే కేస్‌షీటులో అసలు సంగతి రాయరని ఆ రంగం వాళ్లు గుర్తించారు. బీమాలో పోయేది ప్రాణం కాదు, నిజమే. భయం మాత్రం అదే.

షరతుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. సరిగ్గా రాయకపోతే ఇది మా పాలిట గొడ్డలిపెట్టు అవుతుంది. మొదటిదీ, మిగతా అన్నింటికంటే ముఖ్యమైనదీ: వాస్తవాలకు గోప్యత ఉండకూడదు. క్లెయిము ఫైలు, ప్రపోజల్ ఫారం, సర్వేయరు రిపోర్టు, కంపెనీ తరఫున ఆరోగ్య క్లెయిములు చూసే థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్ అడిగిన ప్రశ్నలు, కాల్ రికార్డింగు, ఫైలు మీద అధికారులు రాసిన నోట్లు, ఇవన్నీ ఇప్పుడు మాకు ఎలా అందుబాటులో ఉన్నాయో అలాగే ఉండాలి. ఆడిట్ బృందం వాటిని చూసినంత మాత్రాన అవి ఆడిట్ కాగితాలు అయిపోకూడదు. బుడమేరు కేసులో సర్వేయరు రిపోర్టు వాస్తవం. 'మన టెంప్లేటు తప్పు, ఇంతమందికి ఇలా వెళ్లింది, కారణం ఇది' అని లోపలివాళ్లు వేసిన అంచనాకే రక్షణ. ఈ గీత చట్టంలోనే ఉండాలి, లేకపోతే ఏడాది తిరక్కుండా ప్రతి ఫైలు అట్టమీదా 'స్వచ్ఛంద ఆడిట్' అన్న రబ్బరు స్టాంపు పడుతుంది. మా వాళ్లను తక్కువ అంచనా వేయకండి, అవతలి వకీళ్లనూ తక్కువ అంచనా వేయకండి.

అందుకే ఆడిట్ మొదలుపెట్టకముందే దేన్ని, ఏ కాలానికి, ఎవరు చూస్తున్నారో మీకు తెలియజేయాలి. లీగల్ నోటీసు వచ్చాక హడావుడిగా మొదలైనదానికి ఆ నోటీసు విషయంలో రక్షణ ఉండకూడదు.

తప్పు తేలాక అరవై రోజుల్లో మీకు నివేదిక రావాలి, దాంతోపాటు దిద్దుబాటు ప్రణాళిక రావాలి. పాత ఫైళ్లు తిరగదోడి, ఫిర్యాదు చేసినవాళ్లకే కాదు, చేయనివాళ్లకు కూడా ఉత్తరం రాసి డబ్బు పంపాలి. ఆలస్యమైన క్లెయిముకు బ్యాంకు రేటు మీద రెండు శాతం అదనంగా వడ్డీ ఇవ్వాలన్నది మీ నిబంధనే, అదే ఇక్కడా వర్తించాలి. ఆ ఉత్తరం తెలుగువాళ్లకు తెలుగులో ఉండాలని వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు వచ్చేవి ఇంగ్లిషులో వస్తున్నాయి.

కాలపరిమితి గురించి ఎవరూ మాట్లాడరు, కానీ అసలు మెలిక అక్కడే ఉంది. వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. కంపెనీ లోపల తప్పు కనిపెట్టి, గోప్యత ముసుగులో రెండేళ్లు నాన్చితే పాలసీదారు కేసు పుట్టకముందే చస్తుంది. కాబట్టి ఈ రక్షణ తీసుకున్న కంపెనీ, ఆ తప్పుకు సంబంధించిన ఏ కేసులోనూ కాలదోషం అభ్యంతరం లేవనెత్తనని మీకు ముందే రాసివ్వాలి. ఇది ఒప్పుకోని కంపెనీకి రక్షణ అడిగే నైతిక హక్కు లేదు.

క్రిమినల్ కేసులు, మోసం, ఏజెంట్ల సంతకాల ఫోర్జరీ, వీటికి రక్షణ వద్దు. నివేదిక రాసిన ఉద్యోగిని బదిలీ చేసి, ప్రమోషన్ ఆపి వేధిస్తే ఆ క్షణం నుంచి కంపెనీకి రక్షణ పోవాలి.

ఇందులో మీ చేతుల్లో ఉన్నదెంత అన్నది తర్వాతి ప్రశ్న. సాక్ష్యం అన్నది రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా అంశం. మీ రెగ్యులేషన్‌తో కమిషన్ చేతులు కట్టలేరు, కట్టకూడదు కూడా. దానికి బీమా చట్టాన్ని పార్లమెంటు సవరించాలి, ఆ సిఫారసు మీరు ఆర్థిక శాఖకు పంపాలి. కానీ మీ సొంత అధికారం మేరకు ఇవాళే చేయగలిగింది ఉంది. స్వచ్ఛందంగా వచ్చి చెప్పి, డబ్బు తిరిగిచ్చిన కంపెనీ మీద జరిమానా విషయంలో ఎలా వ్యవహరిస్తారో ఒక విధానం ప్రకటించండి. కంపెనీల కుమ్మక్కును విచారించే కాంపిటీషన్ కమిషన్ ముందుగా వచ్చి చెప్పినవాళ్లకు జరిమానా తగ్గిస్తుంది. స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీకి 2018 నాటి సెటిల్‌మెంట్ నిబంధనలున్నాయి. మీ దగ్గర కంపెనీ వచ్చి చెప్పినా, పట్టుబడినా ఒకటే అయితే వచ్చి చెప్పే పిచ్చివాడెవడు?

సమాచార హక్కు సంగతి కూడా తేల్చాలి. ఆర్‌బీఐ తనిఖీ నివేదికలను సమాచార హక్కు కింద ఇవ్వాల్సిందేనని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు జయంతీలాల్ మిస్త్రీ కేసులో చెప్పింది. ఆ తీర్పు నాకు ఇష్టం. దాన్ని వెనక్కి తిప్పమని అడగను. నియంత్రణ సంస్థ తానే వెళ్లి చేసిన తనిఖీకీ, కంపెనీ తానే రాసి తెచ్చిచ్చినదానికీ తేడా ఉందన్నదే నా మాట. అందుకు బదులుగా ఏటా మీరొక పట్టిక ప్రచురించండి: ఎలాంటి తప్పులు బయటపడ్డాయి, ఎంతమందికి ఎంత తిరిగి వెళ్లింది, ఎంత ఇంకా బాకీ ఉంది. మొదటిసారి కంపెనీ పేరు లేకపోయినా సరే. అదే తప్పు రెండోసారి దొరికితే పేరు పెట్టండి.

మా బార్‌లో సీనియర్ ఒకాయన అడిగారు: కంపెనీయే తప్పొప్పుకున్న కాగితం చేతికొస్తే కేసు ఒక్క వాయిదాలో అయిపోతుంది, ఆ ఆయుధాన్ని ఎందుకయ్యా వదిలేస్తావు అని. ఆయన అన్నదాంట్లో నిజముంది. ఏదో ఒక కేసులో, మానసిక వేదనకు గట్టి పరిహారం వచ్చే అవకాశం ఉన్న ఒక కక్షిదారు, ఈ చట్టం వల్ల ఆ అవకాశం కోల్పోతాడు. అతనికి నేను సమాధానం చెప్పుకోవాలి. ఒక్కరికి దొరికే పెద్ద పరిహారమా, కమిషన్ మెట్లెక్కని వాళ్లందరి అసలు సొమ్మా అంటే నేను రెండోదాని వైపే ఉంటాను. వృత్తిరీత్యా అది నాకు నష్టమే అనుకోండి.

బీమా అంటే కృష్ణా, గుంటూరు జిల్లాలకు కొత్త కాదు. పట్టాభి సీతారామయ్య గారు బందరులో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టింది 1925లో. మీ సంస్థ ఉన్నది మాకు ఒక రాత్రి ప్రయాణం దూరంలో. ఈ విషయం మీద మీరు ముసాయిదా తయారుచేస్తే, కంపెనీల తరఫున మాట్లాడే జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్, లైఫ్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ అభిప్రాయాలు ఎలాగూ తీసుకుంటారు. పాలసీదారుల పక్షాన్ని వినే సమావేశం ఒకటి విజయవాడలో పెట్టండి, సర్వేయర్లనూ పిలవండి. ముసాయిదాను తెలుగులోనూ ఉంచి, అభిప్రాయాలు పంపడానికి కనీసం రెండు నెలల గడువివ్వండి. వాస్తవాలకు రక్షణ లేదన్న క్లాజు, కాలదోషం క్లాజు, ఈ రెండూ లేకుండా ముసాయిదా వస్తే దాన్ని మొట్టమొదట వ్యతిరేకించేది నేనే.

ఇట్లు,
పాలసీదారుల కేసులు వాదించే ఒక న్యాయవాది,
గవర్నర్‌పేట, విజయవాడ.